తడి మిర్చి, సాత్‌బారా, దావత్ విస్తరి: దావా పోస్టర్ ఎలా చేయాలి

ఆకుపచ్చ నేపథ్యం, బంగారు అంచు, మూలన ఒక మినారు, మధ్యలో ఆయత్ (ఖుర్‌ఆన్ వాక్యం) తర్జుమా, అంటే అనువాదం. శుక్రవారం తెల్లవారేసరికి నాందేడ్ నుంచి నిజామాబాద్ దాకా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే దావా పోస్టర్లు ఇవే. చూసినవాళ్ళు 'మాషా అల్లా' అని పెట్టి ఇంకో గ్రూపులోకి తోస్తారు. ఆయత్ తూకంలో మోసం గురించైనా, అనాథ సొమ్ము తినడం గురించైనా, అన్నిటికీ అదే అలంకారం. అందుకే ఎవరికీ తగలదు. తూకంలో మోసం చేసేవాడే దాన్ని ముందుగా ఫార్వర్డ్ చేస్తాడు, ఎందుకంటే ఆ బొమ్మలో తన దుకాణం కనబడదు.

ఈ దావా కోర్టు దావా కాదు, ఇస్లాంలో దావా అంటే పిలుపు. మంచిని చెప్పడంతో పాటు చెడును ఆపమనడం కూడా అందులో భాగం. ఇమాం సాబ్ ఖుత్బాలో (శుక్రవారం ప్రసంగంలో) జహేజ్ (కట్నం) గురించి, వడ్డీ గురించి గట్టిగా మాట్లాడితే సఫ్‌లో (నమాజు వరసలో) కూర్చున్నవాళ్ళ తలలు దిగుతాయి. అదే మాట ఫోన్‌లోకి వచ్చేసరికి పండగ కార్డు అయిపోతోంది. ఇండోనేషియాలో ఈ పని మనకన్నా చాలా ముందుకు వెళ్ళింది. అక్కడ 'ఎన్‌యూ గారిస్ లూచు' అనే హాస్య పేజీ (ఎన్‌యూ అంటే నహ్దలతుల్ ఉలమా అనే ముస్లిం సంస్థ) 'చేదైనా సరే సత్యం చెప్పు' అన్న మాటను 'నవ్వొచ్చేదైనా సరే' అని మార్చి నినాదంగా పెట్టుకుంది. వాళ్ళ దారి నవ్వు. మన మహారాష్ట్ర, తెలంగాణ సరిహద్దు ఊళ్ళలో నవ్వుకన్నా వస్తువు బాగా పనిచేస్తుందని నా నమ్మకం. చూసేవాడు పొద్దున లేచినప్పటి నుంచి చేత్తో ముట్టుకునే వస్తువు బొమ్మలోకి రావాలి.

ధర్మాబాద్‌లో ఆ వస్తువు మిర్చి. నిజామాబాద్ నుంచి వెళ్తే బాసర దాటగానే వచ్చే స్టేషన్ ఇది. ఇక్కడి మోంఢాలో (మార్కెట్ యార్డులో) తెలుగు, మరాఠీ, దక్కనీ మూడూ ఒకే బేరంలో కలిసిపోతాయి. ఎండు మిర్చిలో తేమ 10, 11 శాతం దగ్గర ఉంటేనే నిల్వకు ఆగుతుంది. నీళ్ళు చల్లితే తూకం పెరుగుతుంది, కాయ విరగదు, తొడిమ దగ్గర నిగనిగలాడుతుంది. పైపొర రెండు గంటల్లో ఆరిపోతుంది. బస్తా నడుమ తేమ మాత్రం అలాగే ఉండి బూజు పడుతుంది. అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టేది ఆ బూజులోనే. ఆ తర్వాత అది కారంగా మారి ఎవరి ఇంటి పచ్చడిలోకి వెళ్ళిందో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు సహీహ్ ముస్లిం అనే గ్రంథంలోని 102వ హదీస్ (ప్రవక్త మాటలు, పనుల కథనం) చూడండి, కితాబుల్ ఈమాన్‌లో (విశ్వాసం అధ్యాయంలో) ఉంది. ప్రవక్త సహచరుడు హజ్రత్ అబూ హురైరా (రజి) చెప్పింది. ప్రవక్త (స) బజారులో ఒక ధాన్యం కుప్ప పక్కనుంచి వెళ్తూ లోపలికి చెయ్యి పెట్టారు. వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వాన పడిందండీ అన్నాడు ఆ ధాన్యం మనిషి. మరి ఆ తడిసిన దాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదు అని అడిగి, మోసం చేసినవాడు నావాడు కాడు అన్నారు. పద్నాలుగు వందల ఏళ్ళ నాటి ఈ మాట మోంఢాలో నిన్న సాయంత్రం జరిగినట్టే ఉంది. అందులో పైపొర, లోపొర, సాకు, తీర్పు అన్నీ ఉన్నాయి. ఐదు స్లైడ్‌ల వరస దానంతట అదే కుదురుతుంది.

కుదిరినట్టే కుదిరి, కొత్తగా చేసేవాళ్ళందరూ ఇక్కడే తప్పు చేస్తారు. కుప్పలోకి చెయ్యి పెట్టిన ఫోటో తీసి, దాని మీదే హదీస్ రాస్తారు. అప్పుడు ఆ చెయ్యి ఎవరిదవుతుంది? చదివేవాడి మనసులో అది ప్రవక్త చెయ్యి అయిపోతుంది. రూపం చూపించకూడదన్న నియమం ముఖానికి మాత్రమే కాదు. ఉద్దేశం మంచిదైనా పోస్టర్ మొత్తం ఆ ఒక్క చేతి గొడవలో మునిగిపోతుంది, తడి మిర్చి సంగతి ఎవరూ ఎత్తరు. కాబట్టి ఫోటో ఉన్న స్లైడ్‌లో హదీస్ ఉండకూడదు, హదీస్ ఉన్న స్లైడ్‌లో ఫోటో ఉండకూడదు. చెయ్యి అసలు లేకపోతే ఇంకా మంచిది. కుట్టు విప్పి పక్కకు పడుకోబెట్టిన బస్తా చాలు. లోపలి కాయలు ముద్దగా అంటుకుని ఉంటాయి. గోనె మీద తడి చేరినచోట ముదురు మరక ఉంటుంది, ఆ మరకే అసలు బొమ్మ.

స్లైడ్‌లు ఇలా వస్తాయి. మొదటిది ఎండ తగులుతున్న పైపొర, మాట ఒక్కటే: 'పైన'. రెండోది గోనె మీద మరక, దగ్గర నుంచి. మాట: 'లోపల'. మూడోది రాతలేని ఫోటో, ముద్దకట్టిన కాయల మధ్య తెల్లబూజు. నాలుగోదానిలో ఫోటో లేదు, మీగడ రంగు మీద నల్లటి అక్షరాల్లో హదీస్ తర్జుమా పూర్తిగా, సాకుతో సహా. 'వాన పడిందండీ' అన్న మాటను కత్తిరించొద్దు, ప్రతి బజారులో వినిపించే సాకు అదే. ఐదోది గ్రంథం పేరు, అధ్యాయం, నంబరు. ఆరో స్లైడ్‌లో నీతి వాక్యం పెట్టాలన్న ఆశ కలుగుతుంది. పెట్టకండి, హదీసే తీర్పు చెప్పేసింది.

ఫోటోకి ఖరీదైన కెమెరా అవసరం లేదు. పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య వెలుతురు పక్కనుంచి పడుతుంది, గోనె నేత, మరక అంచు రెండూ తేలుతాయి. మధ్యాహ్నం ఎండలో ఎరుపు కాలిపోయి కాయలన్నీ ఒకే మచ్చలా కనబడతాయి. ఫ్లాష్ వద్దు, తడి మెరిసి నూనెలా కనిపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, బస్తా మీద ఉండే మార్కా. ప్రతి అడ్తి (కమీషన్ ఏజెంటు) దుకాణానికి ఒక గుర్తు, ఒక సిరా రంగు ఉంటుంది. అది ఫ్రేములో పడితే పోస్టర్ ఉపదేశం కాదు, ఒక మనిషి మీద అభాండం. మసకబరిస్తే సరిపోదు, రంగు చూసి మోంఢాలో అందరూ పోల్చేస్తారు. మార్కా లేని ఖాళీ గోనె కొని, రెండు కిలోల మిర్చి పోసి, అర లీటరు నీళ్ళు చల్లి రాత్రంతా మూతికట్టి ఉంచితే చాలు, మరక మీరే తయారు చేసుకోవచ్చు. బూజు కోసమైతే నాలుగైదు రోజులు ఆగాలి. ఆ మిర్చి తర్వాత పారేయాలి, పశువులకు కూడా వేయొద్దు.

కొలతలు. ఇన్‌స్టాగ్రామ్‌కి 1080 అడ్డం, 1350 నిలువు. ప్రొఫైల్ గడిలో ఇప్పుడు 3:4 లెక్కన చూపిస్తుంది కాబట్టి రెండు పక్కలా సుమారు 34 పిక్సెళ్ళు తెగుతాయి. చుట్టూ 90 పిక్సెళ్ళ అంచు వదిలితే భయం లేదు. స్టేటస్, స్టోరీలకు 1080, 1920. పైన 250, కింద 340 పిక్సెళ్ళు ఖాళీగా ఉంచాలి. లేకపోతే ఆయత్ మీద ఖాతా పేరో, రిప్లై డబ్బానో వచ్చి కూర్చుంటుంది. తెలుగు శీర్షిక 90 పిక్సెళ్ళు, లోపలి మాట 46, గ్రంథం నంబరు 30. లోపలి మాట 40కి తగ్గితే చౌక ఫోన్‌లో, ఎండలో నిలబడ్డ హమాలీకి కనబడదు. తెంచకూడని హదీస్, ఆయత్‌లు కాకుండా ఒక స్లైడ్‌లో 25, 30 మాటలు దాటితే ఆ స్లైడ్‌ని రెండు చేయాలి.

ఎరుపు గురించి విడిగా చెప్పాలి, మిర్చి పోస్టర్‌లో అందరూ ఎర్ర అక్షరాలే పెడతారు. వాట్సాప్ బొమ్మని జేపెగ్‌గా నొక్కేస్తుంది. ఆ పద్ధతిలో వెలుగు సమాచారాన్ని నిలబెట్టి, రంగు సమాచారాన్ని సగానికి సగం తగ్గిస్తారు. నలుపు మీద సన్నటి ఎర్ర అక్షరానికి వెలుగులో తేడా తక్కువ, ఉన్నదంతా రంగులోనే. అందుకే అంచులు పాకిపోయి 'ప'కీ 'వ'కీ తేడా తెలియదు. ఒకరు డౌన్‌లోడ్ చేసి, క్రాప్ చేసి, మళ్ళీ పెట్టిన ప్రతిసారీ ఇంకొంచెం పోతుంది. ఎరుపు ఫోటోలో ఉంచండి. అక్షరం తెలుపో నలుపో కావాలి, నేపథ్యంతో వెలుగులో తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలి. గ్రూపులో మొదటిసారి పెట్టేటప్పుడు హెచ్‌డీ ఎంచుకోండి.

లిపి సంగతి మన ప్రాంతంలో ఇంకో చిక్కు. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది బడిలో మరాఠీ చదివారు. తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. పెద్దవాళ్ళలో ఉర్దూ చదివేవాళ్ళు ఉన్నారు. తెలుగు పోస్టర్ నిజంగా చదివించుకునేది రాష్ట్ర సరిహద్దు అవతల బాసరలో, బోధన్‌లో. కాబట్టి ఒకే బొమ్మకి మూడు లిపుల్లో మూడు పోస్టర్లు, వాటితోపాటు తెలుగులో అర నిమిషం వాయిస్ నోట్. ఒకే పోస్టర్‌లో మూడు లిపులూ ఇరికిస్తే పెళ్ళి పత్రికలా ఉంటుంది, ఏదీ చదవబుద్ధి కాదు.

మూడింటికీ ఒకే డబ్బా సరిపోదని మొదటే లెక్క వేసుకోండి. తెలుగుకి వరసల మధ్య ఎడం అక్షరం కొలతకి ఒకటిన్నర రెట్లు కావాలి. 'స్త్రీలకు' అన్న మాట ఎక్కడ వచ్చినా కింద త వత్తు, ర వత్తు రెండూ దిగుతాయి. ఎడం తక్కువైతే కింది వరసలో అక్షరాల మీది గుడి గుర్తుని తాకుతాయి. ఉర్దూ రాసే నస్తాలీఖ్ ఏటవాలుగా దిగే రాత, దానికి రెండు రెట్లు దాకా వదలాలి. మరాఠీకి తెలుగుకన్నా కొంచెం తక్కువ చాలు. ముందు ఉర్దూ పోస్టర్ చేసి, దాని డబ్బాలో మిగతా రెండూ పెడితే ఎప్పుడూ ఇబ్బంది రాదు. ఫాంట్లలో తెలుగు శీర్షికకి రామభద్ర, లోపలికి మండలి లేదా నోటో సాన్స్ తెలుగు. ఉర్దూకి జమీల్ నూరీ నస్తాలీఖ్ లేదా నోటో నస్తాలీఖ్. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్‌తో కొట్టించిన తెలుగుని ఫోన్‌లో కాపీ చేస్తే చెత్త అక్షరాలు వస్తాయి, అది యూనికోడ్ కాదు. మళ్ళీ కొట్టుకోవాల్సిందే.

అరబీ పెడుతున్నారా? అక్షరాల మధ్య ఎడం సున్నా ఉండాలి. అందంగా ఉంటుందని ఎడం పెంచితే కలిసి ఉండాల్సిన అక్షరాలు విడిపోయి మాటే చచ్చిపోతుంది. ఫొటోషాప్‌లో టైప్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టకపోతే అరబీ ఎడమ నుంచి కుడికి తిరగబడుతుంది, తెలుగు వత్తులు పక్కకి వచ్చి పడతాయి. ఇంకో సంగతి, మన దగ్గర హిఫ్జ్ చేసినవాళ్ళకి (ఖుర్‌ఆన్ కంఠస్థం చేసినవాళ్ళకి) అలవాటైనవి భారతీయ ముస్‌హఫ్ (ఖుర్‌ఆన్ ప్రతి) గుర్తులు. మదీనా ముద్రణ తరహా ఉస్మానీ ఫాంట్‌లో సుకూన్, హంజా అనే గుర్తులు వేరేగా కనబడతాయి. అది తప్పు కాదు, కానీ పోస్టర్ కింద 'ఆయత్ తప్పుగా రాశారు' అన్న గోల మొదలవుతుంది. పాఠం టాంజిల్ అనే ఖుర్‌ఆన్ వెబ్‌సైట్ నుంచి తీసుకుని, ఫాంట్ మన వాడుకకి తగ్గది ఎంచుకోండి. బొమ్మలు తయారుచేసే ఏఐకి అరబీ రాయమని ఎప్పుడూ చెప్పకండి. అది అక్షరాల ఆకారాలు అల్లుతుంది, ఖుర్‌ఆన్ రాయదు.

ఆయత్‌ని ఎక్కడ తెంచాలి అన్నదానికి నేను అన్నిటికన్నా ఎక్కువ సమయం పెడతాను. అందరికీ తెలిసిన ఉదాహరణ 'నమాజు దగ్గరికి వెళ్ళకండి', అక్కడ ఆపేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అన్నిసా సూరా (ఖుర్‌ఆన్ అధ్యాయం) 43వ ఆయత్‌లో మత్తులో ఉన్నప్పుడు అన్న మాట వెంటనే వస్తుంది. స్లైడ్‌లలో దీనికన్నా పెద్ద ప్రమాదం అల్ మాఊన్ సూరా. ఏడు చిన్న ఆయత్‌లు. సమాజాన్ని నిలదీసే పోస్టర్‌కి ఇంతకన్నా తగిన సూరా లేదు. అనాథను తోసేసేవాడు, పేదవాడి అన్నం గురించి పట్టించుకోనివాడు, చూపుల కోసం నమాజు చదివేవాడు, చిన్న వస్తువు కూడా ఇవ్వనివాడు అందులో ఉన్నారు. స్లైడ్‌కి ఒక ఆయత్ చొప్పున పెడితే నాలుగో స్లైడ్‌లో 'నమాజు చేసేవాళ్ళకు వినాశం' అని మాత్రమే మిగులుతుంది. ఎవరో ఆ ఒక్క స్లైడ్ స్క్రీన్‌షాట్ తీసి పంపిస్తారు, ఖచ్చితంగా తీస్తారు. నాలుగు నుంచి ఏడు వరకు ఒకే స్లైడ్‌లో ఉండాలి, చోటు చాలకపోతే అరబీ తీసేసి తర్జుమా మాత్రమే ఉంచాలి. ప్రతి స్లైడ్ ఒంటరిగా ఊరు తిరిగినా అర్థం చెడకూడదు, నియమం అదే. ఈ సూరాకి బొమ్మ కూడా ఆ చివరి మాటలోనే ఉంది. మాఊన్ అంటే గొడ్డలి, వంటకుండ, బొక్కెన లాంటి చేబదులు వస్తువులని తఫ్సీర్లు (ఖుర్‌ఆన్ వ్యాఖ్యానాలు) చెప్తాయి. మూసిన తలుపు పక్కన తాడు చుట్టిన బొక్కెన చాలు.

మిర్చి పోస్టర్ ఒక్కటే వదిలితే రైతుని మాత్రమే తిట్టినట్టు అవుతుంది. దాని వెంటే అల్ ముతఫ్ఫిఫీన్ సూరా పోస్టర్ రావాలి. జనం దగ్గర తీసుకునేటప్పుడు నిండుగా కొలుచుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించేవాళ్ళ గురించి మొదటి మూడు ఆయత్‌లు చెప్తాయి. బస్తాకి ఇంత అని తరుగు కోసేవాడికి ఇది సూటిగా తగులుతుంది. ఒకే కాంటా, ఒకే బస్తా, రెండు ఫోటోలు. కొన్నప్పటి అంకె, అమ్మినప్పటి అంకె. అంకెలు తప్ప ఏ మాటా అక్కర్లేదు, మూడో స్లైడ్‌లో ఆయత్‌లు మూడూ కలిపి.

పొలం ఉన్న ఇళ్ళకి తగిలేది సాత్‌బారా, అంటే మహారాష్ట్రలో భూమి ఎవరి పేరున ఉందో చూపే 7/12 పత్రం. అన్నిసా 7వ ఆయత్ పురుషులకూ భాగం ఉంది, స్త్రీలకూ భాగం ఉంది, ఆస్తి కొంచెమైనా ఎక్కువైనా అది నిర్ణయమైన భాగం అంటుంది. మన తాలూకాల్లో అక్కచెల్లెళ్ళతో హక్కసోడ్ పత్రం (హక్కు వదులుకునే పత్రం) మీద సంతకం పెట్టించుకుని, సాత్‌బారా మీద అన్నదమ్ముల పేర్లే మిగిల్చే ఇళ్ళు తక్కువేమీ కాదు. 'చెల్లెలే వద్దంది' అంటారు. పుట్టింటి గడప తొక్కనివ్వరేమోనన్న భయంతో చెల్లెలు పలికిన 'వద్దు' అది. పోస్టర్‌లో సాత్‌బారా నమూనా గీసి, పేర్ల గడిలో 'అన్న, తమ్ముడు' అని రాసి, మూడో వరస ఖాళీగా వదలండి. నిజమైన ఉతారా (సాత్‌బారా నకలు) ఫోటో వాడకండి, గట్ నంబరుతో (భూమి నంబరుతో) ఇల్లు తెలిసిపోతుంది. ఇంకో జాగ్రత్త, 'చట్టం ప్రకారం' అని రాయొద్దు. 1937 షరియత్ చట్టం 2వ సెక్షన్ వ్యవసాయ భూమిని పక్కన పెట్టింది. పోస్టర్ ఆయత్ చెప్పేది చెప్పాలి, చట్టం సంగతి వకీలు చెప్తాడు.

దావత్‌ల (విందుల) మీద ఎక్కువ చెప్పక్కర్లేదు. ధనవంతుల్ని పిలిచి పేదల్ని వదిలేసే వలీమా (పెళ్ళి) విందు అన్నిటికన్నా చెడ్డదన్న మాట బుఖారీ హదీస్ గ్రంథం 5177లో ఉంది. డేగ్ (పెద్ద వంట గిన్నె) పక్కన బోర్లించిన ఒక ఖాళీ విస్తరి. రంజాన్ తర్వాతి నెల షవ్వాల్‌లో పెళ్ళిళ్ళు జోరందుకునే ముందు వారం దీన్ని వదలాలి, పెళ్ళయ్యాక పంపితే ఒక ఇంటిని ఎత్తిచూపినట్టుంటుంది.

ఎత్తిచూపడం విషయంలో మనకి ముందే ఒక పద్ధతి ఉంది. ప్రవక్త (స) తప్పు చూసినప్పుడు చాలాసార్లు పేరు పెట్టకుండా 'కొందరికి ఏమైంది, ఇలా చేస్తున్నారు' అనేవారు. నమాజులో ఆకాశం వైపు చూసేవాళ్ళ గురించి అన్న మాట బుఖారీ 750లో ఇలాగే మొదలవుతుంది. క్యాప్షన్ రాసేటప్పుడు ఆ వాక్యం ముందు పెట్టుకుంటే చాలు. ఊరు పేరు, కులం, దుకాణం, ఇంకో మతం ఏదీ రాదు. ఇంకో మతం వాళ్ళ ఆచారాన్ని పోల్చి చూపించే పోస్టర్ అసలే వద్దు. అది దావా కాదు, పైగా భారతీయ న్యాయ సంహిత 196, 299 సెక్షన్ల దాకా వెళ్తుంది. మన చేతిలోని కాంటా గురించి మాట్లాడుతున్నప్పుడు పక్కవాడి గుడి గురించి ఎందుకు?

హదీస్ నంబర్లు ముద్రణను బట్టి మారతాయి కాబట్టి అధ్యాయం పేరు కూడా రాయండి. విన్నవన్నీ హదీస్‌లు కావు. 'విద్య కోసం చైనాకైనా వెళ్ళు' అన్నది ఎన్ని గోడల మీద ఉన్నా ముహద్దిసులు (హదీస్ పండితులు) దాన్ని ఒప్పుకోలేదు. కూలీల గురించి పోస్టర్ చేస్తే 'చెమట ఆరకముందే కూలి ఇవ్వండి' అని ఇబ్నె మాజా హదీస్ గ్రంథం నుంచి 2443 పెడతారు. దానితోపాటు బుఖారీ 2227 కూడా చూడండి. పని పూర్తిగా చేయించుకుని కూలి ఇవ్వనివాడికి ప్రళయదినాన తానే ఎదురుపక్షమై నిలుస్తానని అల్లాహ్ చెప్పిన మాట అది. హమాలీల పోస్టర్‌కి నేను రెండోదే ఎంచుకుంటాను.

వదిలేముందు ముగ్గురికి చూపించాలి. ఆలిం సాబ్ (మత పండితుడు) ముస్‌హఫ్ తెరిచి పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడాలి, కొన్ని యాప్‌లు ఎగుమతిలో జబర్, జేర్ అనే అచ్చు గుర్తులు రాల్చేస్తాయి. చూపించాల్సింది డిజైన్ ఫైలు కాదు, వాట్సాప్‌లో వచ్చిన బొమ్మ. రెండో మనిషి తెలుగు చదివేవాడు. మూడో మనిషి మోంఢాలో పనిచేసేవాడు, అతనికి ఏమీ వివరించకుండా రెండో స్లైడ్ మాత్రమే చూపించి ఇదేమిటని అడగండి. 'తడి బస్తా' అనాలి. 'నూనె మరక' అంటే ఫోటో మళ్ళీ తీయాలి.

మోంఢా గోడకి అంటించే కాగితం ప్రతిలో మాత్రం అరబీ ఉండకూడదు, తర్జుమా, నంబరు చాలు. ఆ కాగితం చిరిగి కాళ్ళ కింద పడుతుంది, లేదా ఎవరో పల్లీలు కట్టిస్తారు. ఏ3 సైజు, మీగడ రంగు. ఇక్కడ ఒకే కాగితం కాబట్టి, చెయ్యి లేని బస్తా మరక ఫోటో సగం. కాంటా ఎదురుగా, కళ్ళ ఎత్తుకి, జిగురు కాదు నాలుగు మూలలా టేపు. తొలకరి మొదలవకముందే తీసేయాలి.